ఇంటి పెట్టెలోని యుద్ధకాలపు గుర్తులు

విశాఖపట్నం వన్ టౌనులో మూడు నాలుగు తరాలుగా కాపురమున్న కుటుంబాలు నేటికీ కలవు. కోటవీథిలో గాని, సోల్జరుపేటలో గాని, కురుపాం మార్కెట్టు చుట్టుపట్ల గాని అటువంటి ఇంట ట్రంకుపెట్టె అడుగున యుద్ధకాలపు వస్తువొకటి బయటపడడం వింత కాదు. ఒకరి ఇంట వెండి పతకం, ఒకరి ఇంట సైనికుని నీళ్లసీసా, వేరొకరి ఇంట తుప్పుపట్టిన ఇనుప తునక, ఇంకొకరి ఇంట జపాను ప్రభుత్వం పేర అచ్చయిన రూపాయి నోటు. "ఇది మా ముత్తాతగారిది," "ఇది ఆనాడు జపాను వాడు వేసిన బాంబు ముక్క" అని ఇంటివారు చెబుతారు. ఆ మాట నిజమే కావచ్చును. కాని నిజమని తేల్చుకొనడం ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానం వెదకే పద్ధతిని గూర్చి, మన పట్టణపు చరిత్రనే ఉదాహరణగా తీసుకొని, కొంత ముచ్చటింతము.

ఒక వస్తువు పుట్టుపూర్వోత్తరాలను విచారించేవారు మూడు ప్రశ్నలను వేరువేరుగా వేసుకొంటారు. ఇది ఏ వస్తువు, ఎక్కడ, ఎప్పుడు తయారైనది? ఇది మొదట ఎవరిది? వారి వద్దనుండి ఈ ఇంటికి ఏయే చేతులు మారి వచ్చినది? మొదటి ప్రశ్నకు వస్తువే సమాధానం చెప్పగలదు. రెండవదానికి చాలావరకు కాగితం చెప్పవలెను. మూడవదానికి మనుష్యులే చెప్పవలెను. ఈ మూడింటిని ఒకటిగా కలిపివేయడం వల్లనే చిక్కులు పుట్టుతవి. పతకం అసలైనదే కావచ్చును, అది తాతగారిది కాకపోవచ్చును. తాతగారు బర్మా యుద్ధానికి వెళ్లిన మాట నిజమే కావచ్చును, పెట్టెలోని కత్తి మాత్రం అటు తరువాత సంతలో కొన్నది కావచ్చును. ఒకదానిలోని సత్యం రెండవదానికి సాక్ష్యం కాజాలదు.

మన పట్టణానికి యుద్ధాలతో పరిచయం నేటిది కాదు. 1804 సెప్టెంబరు 15న ఫ్రెంచి నౌకాదళాధిపతి లీన్వా, "మరెంగో" అనే 74 ఫిరంగుల ఓడతోను, మరి రెండు చిన్న యుద్ధనౌకలతోను విశాఖ రేవు ఎదుటికి వచ్చి, అక్కడ లంగరు వేసి ఉన్న "సెంచూరియన్" అనే ఆంగ్ల యుద్ధనౌకను ఎదుర్కొన్నాడు. అప్పుడు రేవులో ఉన్న రెండు కంపెనీ వర్తకనౌకలలో "బార్నబీ" ఒడ్డుకు కొట్టుకొనిపోయి పగిలినది. "ప్రిన్సెస్ షార్లెట్" ఫ్రెంచివారికి పట్టుబడినది. ఈ తీరాన ఇసుకలో ఎవరికైనా పాత ఇనుప గుండు దొరికితే, అది ఆనాటిదేనని చెప్పుకొనవలెనన్న ముచ్చట కలుగడం సహజం. ఇక్కడ తక్కెడ కొంత సహాయం చేస్తుంది. ఫ్రెంచివారి పాత పౌను సుమారు 489 గ్రాములు, ఆంగ్ల పౌను సుమారు 454 గ్రాములు. కావున ఫ్రెంచివారి 36 పౌనుల గుండు సుమారు 17.6 కిలోలు తూగితే, ఆంగ్లేయుల 32 పౌనుల గుండు సుమారు 14.5 కిలోలే తూగుతుంది. తుప్పు వల్ల బరువు తగ్గును గనుక చుట్టుకొలత కూడా చూడవలెను. అయినను ఈ లెక్క ఆ గుండు ఏ జాతివారి ఫిరంగికి సరిపోవునో చెబుతుంది గాని, ఆనాటి పోరులోనే పేలినదని చెప్పదు. అందుకు అది దొరికిన చోటు, లోతు, పక్కన దొరికిన ఇతర వస్తువులు తెలియవలెను. గుండును తవ్వి ఇంటికి తెచ్చి, చోటును మరచిపోతే సగం చరిత్రను ఇసుకలోనే విడిచివచ్చినట్లు.

ఇక మన పెద్దల జ్ఞాపకంలో నిలిచిన యుద్ధానికి వత్తము. 1933 డిసెంబరులో వైస్రాయి విల్లింగ్డన్ ప్రభువు విశాఖ రేవును లాంఛనంగా ప్రారంభించినాడు. 1941 జూన్ 21న బాబూ రాజేంద్ర ప్రసాద్ సింధియా కంపెనీవారి ఓడల కర్మాగారానికి శంకుస్థాపన చేసినారు. రేవు, ఓడల కర్మాగారం, రైలు మార్గం మూడును కలిసిన చోటుపై శత్రువు కన్ను పడకుండునా? 1942 మార్చి 8న రంగం పట్టణం జపాను వశమైనది. ఏప్రిల్ 5న కొలంబోపై దాడి జరిగినది. ఆ మరునాడు, ఏప్రిల్ 6 సోమవారంనాడు, వైస్ అడ్మిరల్ ఒజావా దళంలోని "ర్యూజో" అనే విమానవాహక నౌకనుండి లేచిన విమానాలు విశాఖపట్నంపైనను, కాకినాడపైనను బాంబులు వేసినవి. ఆ కొద్ది దినాలలో బంగాళాఖాతంలో ఒజావా దళం ముంచిన వర్తకనౌకలు ఇరవైకి పైబడినవి. పట్టణంలోని జనం పిల్లాపాపలతో పల్లెలకు తరలిపోయినారు.

బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఆనాటి జపాను బాంబు ప్రదర్శితమై ఉన్నది. చూడనివారు చూడదగినది. అయితే ఇళ్లలో "బాంబు ముక్క" అని దాచిన ప్రతి ఇనుప తునకా ఆనాటిదేనా అన్నది వేరే ప్రశ్న. రేవు ఉన్న ఊరిలో ఇనుముకు కొదువ లేదు. ఓడల కర్మాగారపు రేకు తునకలు, రైలు పట్టాల ముక్కలు, లంగరు గొలుసుల తునకలు ఎక్కడబడితే అక్కడ దొరికేవి. పైగా తీరరక్షణకు మనవైపున కూడా ఫిరంగులు నిలిపినారు. కోస్టల్ బ్యాటరీ అనే పేరు బీచి రోడ్డులో నేటికీ వాడుకలో ఉన్నది. సముద్రపుటొడ్డున ఇసుకలో కూరుకొనిపోయిన సిమెంటు పిల్‌బాక్సులు ఆనాటి భయానికి గుర్తులుగా మిగిలినవి. ఫిరంగి కాల్చిన చోట దాని గుండు తునకలు కూడా ఉండవచ్చును గదా. కావున తునకను చూచినప్పుడు మొదట దాని అంచు చూడవలెను. లోపల మందు పేలి చీలిన ఉక్కుకు చిరిగిన, వాడియైన అంచులుంటవి. ఒక ముఖం ఏదో ఒక వంపుతో ఉంటుంది. ఆ వంపునుబట్టి పూర్తి వస్తువు ఎంత లావుదో లెక్క కట్టవచ్చును. కోసిన ఇనుముకు, విరిగిన ఇనుముకు ఈ లక్షణాలుండవు.

జపాను వస్తువు మీద అక్షరాలో అంకెలో మిగిలి ఉంటే విచారణ సుళువవుతుంది. జపానువారు కాలాన్ని రెండు విధాలుగా లెక్కించేవారు. చక్రవర్తి పాలన ననుసరించి షోవా శకం ఒకటి. దాని సంవత్సరానికి 1925 కలిపితే మన లెక్కకు వస్తుంది. షోవా 17 అంటే 1942. రెండవది వారి సామ్రాజ్య శకం. దానినుండి 660 తీసివేయవలెను. 1940వ సంవత్సరం వారికి 2600. విమానాలకు, ఆయుధాలకు వారు పెట్టిన నమూనా సంఖ్యలు చాలావరకు ఈ శకపు చివరి అంకెలే. "97వ నమూనా" విమానం అంటే 2597వ సంవత్సరపు నమూనా, అనగా 1937 నాటిది. పేరుపొందిన "జీరో" విమానానికి ఆ పేరు వచ్చినది 2600లోని సున్నవల్లనే. ఒక తునకపై 1942 తరువాతి సంవత్సరం కనబడితే, అది ఆ ఏప్రిల్ నెలలో వన్ టౌను మీద పడినది కాదని వేరే చెప్పనక్కరలేదు.

పతకాల సంగతి మరింత ముఖ్యమైనది, ఏలనంటే వాటి వెనుక ఒక మనిషి పేరు ఉంటుంది. 1914-18 నాటి యుద్ధానికి సంబంధించిన బ్రిటిష్ యుద్ధ పతకం సాధారణంగా వెండిది, విజయ పతకం కంచుది. వీటి అంచుపై సైనికుని సంఖ్య, హోదా, పేరు, దళం చెక్కి ఉంటవి. యుద్ధ పతకం కంచులోనిదైతే అది మరొక కథ చెబుతుంది: చీనా, మాల్టా, భారతదేశపు కూలిదళాలవారికి ఇచ్చినవి చాలావరకు కంచువే. తుపాకి పట్టినవారికి వెండి, పార పట్టినవారికి కంచు! దళం పేరులో పాత సంఖ్య ఉంటే, ఉదాహరణకు 79వ కర్ణాటక పదాతిదళం వంటిదైతే, అది 1922కు పూర్వపు పేరు. ఆ ఏట పదాతిదళాలు పునర్వ్యవస్థీకరింపబడి పాత సంఖ్యలు మారిపోయినవి.

రెండవ ప్రపంచయుద్ధపు తారలు, పతకాలు బ్రిటిష్ సైనికులకు పేరు చెక్కకుండానే ఇచ్చినారు. ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాలవారు తమ సైనికుల పేర్లు చెక్కించినారు. కావున పేరు లేనంతమాత్రాన పతకం నకిలీది కాదు. కాని పేరు లేని పతకం ఎవరిదైనా కావచ్చునని మాత్రం గుర్తుంచుకొనవలెను. ఏ పతకమో చూచుకొనడం కూడా అవసరం. ఇండియా సర్వీసు పతకంపై ఒకవైపు భారతదేశపు పటం, 1939-45 అనే అంకెలు ఉంటవి. అది మన దేశంలోనే, యుద్ధరంగానికి వెలుపల, కనీసం మూడు సంవత్సరాలు పనిచేసిన భారత దళాలవారికి ఇచ్చినది. బర్మా తార ఆరు కోణాల కంచు నక్షత్రం. దాని పట్టీలో నడుమ ఎరుపు, ఇరువైపుల నీలం, నారింజ చారలుంటవి. "మా తాతగారు బర్మాలో పోరాడినారు" అని చెప్పే ఇంట ఇండియా సర్వీసు పతకమొక్కటే ఉంటే, ఆ మాటను మరొకమారు విచారించవలెను. అందువల్ల తాతగారికి తక్కువతనమేమియు లేదు. రేవును, రైలు వంతెనను, మందుగుండు గిడ్డంగిని రాత్రింబవళ్లు కాపలా కాచినవాడు కూడా సైనికుడే. ఆయన చేయని పనిని ఆయనకు అంటగట్టితే, ఆయన చేసిన పని మరుగునపడుతుంది.

రాజముద్రలు మంచి కాలసూచకాలు. జి.ఆర్.ఐ. అనే మూడక్షరాలు చక్రవర్తియైన జార్జి రాజును సూచిస్తవి. భారత చక్రవర్తి అనే బిరుదును 1948 జూన్‌లో విడిచినారు. మన నౌకాదళపు ఓడలకు, తీరస్థావరాలకు స్వాతంత్ర్యం వచ్చిన తరువాత కూడా కొంతకాలం హెచ్.ఎం.ఐ.ఎస్. అనే పాత పొడి అక్షరాలే ఉండినవి. 1950 జనవరి 26న గణతంత్రం ఏర్పడినప్పుడు అవి ఐ.ఎన్.ఎస్. అయినవి. అదే దినాన కిరీటం స్థానంలో అశోకుని సింహ శీర్షం వచ్చినది. ఉత్తర సర్కారుల పేర వెలసిన విశాఖ నౌకాదళ స్థావరం "సర్కార్స్" పేరు ముందు ఏ అక్షరాలున్నవో చూస్తే, బిళ్ల గాని, పళ్లెం గాని, కాగితం గాని ఏ కాలానిదో ఇట్టే తెలుస్తుంది.

ఉత్తర కోస్తాలో రంగం వెళ్లివచ్చినవారు లేని ఊరు అరుదు. అందుచేత జపానువారి నోట్లు మన ఇళ్లలో తరచు కనబడుతవి. వాటిపై ఆంగ్లంలో జపాను ప్రభుత్వం అని ఉంటుంది. సంఖ్యకు ముందు బి అనే అక్షరం ఉండి విలువ రూపాయలలో ఉంటే అది బర్మాకు, ఎం అనే అక్షరం ఉండి విలువ డాలర్లలో ఉంటే అది మలయాకు అచ్చువేసినది. ఇక్కడ కాలక్రమాన్ని కొంచెం ఆలోచించవలెను. 1941 డిసెంబరు 23న రంగంపై బాంబులు పడినవి. వేలాదిమంది తెలుగువారు ఓడలమీదను, కాలినడకనను బయలుదేరినారు. 1942 ఫిబ్రవరిలోనే రంగం విడిచిన మనిషి, మార్చిలో జపానువారు ఆ పట్టణంలో చెలామణిలోకి తెచ్చిన నోటును వెంట తెచ్చుకొనజాలడు. అట్టి కుటుంబంలో ఆ నోటు ఉన్నదంటే, అక్కడనే ఉండిపోయి యుద్ధం ముగిసినాక వచ్చిన బంధువెవరో, బర్మానుండి తిరిగివచ్చిన సైనికుడెవరో తెచ్చి ఉండవలెను. ఇట్లు ఒక్క నోటు, ఇంటివారు మరచిపోయిన మరొక మనిషిని జ్ఞాపకానికి తేగలదు.

ఉత్తరాలు దొరికితే కవరును పారవేయకూడదు. సైనికుడు తానున్న చోటు పేరు వ్రాయడానికి వీలులేదు. తపాలా ముద్రలో ఎఫ్.పి.ఓ. అనే అక్షరాలు, ఒక సంఖ్య మాత్రమే ఉంటవి. ఆ సంఖ్యగల సైనిక తపాలా కార్యాలయం ఏ నెలలో ఎక్కడ ఉండినదో తపాలా చరిత్రకారులు పట్టికలు తయారుచేసినారు. ఉత్తరంలో చెప్పరాని మాటను ముద్ర చెబుతుంది. వెనుకవైపు మన పాత పోస్టాఫీసువారి చేరిక ముద్ర, "విజగపటం" అనే ఆనాటి వర్ణక్రమంతో, ఉన్నదేమో చూడవలెను. ఉత్తరం నిజంగా ఈ ఊరికి వచ్చినదనడానికి అంతకంటె సాక్ష్యం ఏమి కావలెను?

పేరు, సంఖ్య, దళం తెలిసినప్పుడు దస్తరాలను ఆశ్రయించవచ్చును. యుద్ధంలో మరణించినవారి పేర్లను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం భద్రపరచి, అందరూ చూచుకొనేటట్లు ఉంచినది. అనేకుల విషయంలో తండ్రి పేరు, ఊరు, జిల్లా కూడా ఉంటవి. బర్మాలో మరణించి సమాధి తెలియనివారు సుమారు 27,000 మంది పేర్లు రంగం సమీపాన టౌక్యాన్ స్మారకంపై చెక్కి ఉన్నవి. మద్రాసులో నందంబాక్కం వద్ద 1952లో ఏర్పడిన యుద్ధ శ్మశానంలోకి దక్షిణ, తూర్పు భారతంలోని పలు శ్మశానాలనుండి సమాధులను తరలించినారు. మద్రాసు రెజిమెంటు కేంద్రం వెల్లింగ్టనులోను, మద్రాసు సాపర్ల కేంద్రం బెంగుళూరులోను ఉన్నవి. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారంలోను, లండనులోని బ్రిటిష్ లైబ్రరీలోను ఇండియా ప్రభుత్వపు సైనిక దస్తరాలున్నవి. పింఛను కాగితం చేతిలో ఉన్నవారికి జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం మొదటి మెట్టు. ఇంగ్లండులో 1940 సెప్టెంబరునాటి జర్మను బాంబుల మంటలలో మొదటి యుద్ధపు బ్రిటిష్ సైనికుల దస్తరాలు సగానికి పైగా కాలిపోయినవి. దస్తరం కాలిన చోట ఇంటిలోని కాగితమే దస్తరం అవుతుందని దీనివల్ల గ్రహించవలెను.

నకిలీల విషయంలో జాగ్రత్త అవసరం. నేతాజీ ఆజాద్ హింద్ ప్రభుత్వపు పతకాలపై దేశంలో ఎంతో ఆదరం ఉన్నది. ఆ ఆదరమే నకళ్లకు కారణమైనది. యుద్ధానంతరం యూరపులోనే వాటిని మరల పోతపోసి అమ్మినారు. అచ్చు ఒకటే గనుక కంటికి భేదం తెలియదు. అటువంటి వస్తువుకు రూపం కంటె రాకపోకల చరిత్రే ప్రమాణం. ఎవరివద్దనుండి, ఏ సంవత్సరంలో, ఏ సాక్షుల ఎదుట వచ్చినదో చెప్పలేని పతకానికి ఎంత వెల పెట్టినా వెల పెట్టినవాడే నష్టపోతాడు.

మన ఊరి సముద్రంలోనే దీనికి మరొక ఉదాహరణ కలదు. 1971 డిసెంబరు 3, 4 తేదీల నడుమ రాత్రి పాకిస్తాను జలాంతర్గామి "ఘాజీ" విశాఖ తీరం ఎదుట మునిగిపోయినది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ దాడివల్ల మునిగినదని మనవారు, లోపలి పేలుడువల్లనో మందుపాతరవల్లనో మునిగినదని పాకిస్తానువారు చెబుతారు. ఆ జలాంతర్గామి 1944లో అమెరికాలో "డయబ్లో" అనే పేరుతో జలప్రవేశం చేసి, 1964లో పాకిస్తానుకు వెళ్లినది. కాబట్టి దాని వస్తువుపై అమెరికా నౌకాదళపు గుర్తు కనబడితే ఆశ్చర్యపడనక్కరలేదు. చరిత్ర తెలియనివాడు దానిని అమెరికా ఓడదని పక్కన పెట్టును. తెలిసినవాడు అదే దాని నిజానికి సాక్ష్యమని గ్రహించును.

రెండు హెచ్చరికలు చేయవలసి ఉన్నది. మొదటిది ప్రాణానికి సంబంధించినది. తీరాన గాని, పునాది తవ్వకంలో గాని గుండు, బాంబు వంటిది కనబడితే దానిని తాకకూడదు, కదల్చకూడదు, శుభ్రం చేయకూడదు, పోలీసులకు తెలియజేయవలెను. ఎనభై ఏళ్లు గడిచినంతమాత్రాన మందు చచ్చిపోదు. రెండవది చట్టానికి సంబంధించినది. తుపాకులకు, తూటాలకు ఆయుధాల చట్టం వర్తిస్తుంది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువులను ప్రయివేటు వ్యక్తులు దేశం వెలుపలికి ఎగుమతి చేయరాదు. మొదటి ప్రపంచయుద్ధపు వస్తువులు ఆ నూరేళ్ల హద్దు దాటినవని అమ్మేవారును, కొనేవారును గమనించవలెను.

ఇక అన్నిటికంటె త్వరగా చేయవలసిన పని ఒకటున్నది. 1942లో ఎనిమిదేళ్ల బాలుడైనవానికి నేడు తొంభై దాటినవి. ఆనాటి సైరను చెవులారా విన్నవారు చాలా కొద్దిమందే మిగిలినారు. వారిని అడిగేటప్పుడు మన ఊహను వారి నోట పెట్టకూడదు. "ఇది బాంబు ముక్కేనా తాతగారూ?" అని అడిగితే, మన్ననకైనా అవుననవచ్చును. "ఇది మన ఇంటికి ఎప్పుడు వచ్చినది? ఎవరు తెచ్చినారు? మీరు మొదట ఎక్కడ చూచినారు?" అని అడగవలెను. తాము చూచినదేదో, పరులు చెప్పగా విన్నదేదో వేరుచేసి వ్రాసుకొనవలెను. చెప్పినవారి పేరు, వయస్సు, చెప్పిన తేదీ వేయవలెను. ఆ కాగితాన్ని వస్తువుతోపాటే ఉంచవలెను. వస్తువును అన్ని వైపులనుండి ఫోటో తీయించవలెను. పతకాన్ని చింతపండుతోనో బూడిదతోనో తోమకూడదు. అంచుమీది అక్షరాలు అరిగిపోతవి.

వెండి పతకాలు ఎన్నో కంసాలి మూసలో కరిగి గజ్జెలు, గిన్నెలు అయినవి. అవసరానికి అమ్ముకొన్నవారిని తప్పు పట్టడానికి మనమెవరం? కాని అమ్మేముందు అంచుమీది ఒక్క పంక్తిని కాగితంపై ఎత్తి వ్రాసుకొంటే, వెండి పోయినా మనిషి మిగిలేవాడు. రెండవ యుద్ధంలో భారత సైన్యంలో చేరినవారు సుమారు 25 లక్షలు. వారిలో మన జిల్లాలవారెందరి పేర్లు వారి మనుమల నోటనైనా మిగిలి ఉన్నవి? కాబట్టి మీ ఇంట అటువంటి వస్తువుంటే, ఈ ఆదివారం ఇంటిల్లిపాది కూర్చుండి పెట్టె తెరవండి. భూతద్దంతో అంచు చూడండి. కనబడిన అక్షరాలను కనబడినట్లే, మీ ఊహ కలపకుండా, వ్రాయండి. అక్కడనుండి విచారణ ప్రారంభమవుతుంది.